జర్మనీ బాయినెట్ మీది ముద్రలు ఏం చెబుతాయి?

హొసూరు, కృష్ణగిరి వైపు ఊరి పొలిమేరల్లో నిలబడ్డ వీరగల్లులను చూడనివారు మనలో తక్కువ. రాతిలోని వీరుడి చేతిలో కత్తి ఉంటుంది. ఆ కత్తిని చేసిన కమ్మరి ఎవరో, ఏ ఊరివాడో రాయి చెప్పదు. జర్మనీ బాయినెట్ అలా కాదు. చేసినవాడి గుర్తు, కొన్నిటి మీద ఊరి పేరు, ఏడాది కూడా ఒంటి మీదే మోస్తుంది. చదవడం తెలియాలి, అంతే.

తళిలో కూర్చుని జర్మనీ కత్తి గొడవెందుకంటారా? తళి దాటితే కర్ణాటకే, బెంగుళూరు ఎంతో దూరం లేదు. మద్రాస్ సాపర్స్ సైనిక దళం కేంద్రం ఆ బెంగుళూరే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దళం వాళ్ళు ఉత్తర ఆఫ్రికాలోనూ ఇటలీలోనూ జర్మన్లతో తలపడ్డారు. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలోని మిన్యానో దగ్గర, పేలబోయే మందుపాతర మీద పడి తోటివాళ్ళను కాపాడి ప్రాణమిచ్చిన సుబేదార్ సుబ్రమణియన్ ఆ దళం వాడే. మరణానంతరం ఆయనకు జార్జ్ క్రాస్ ఇచ్చారు.

యుద్ధం నుంచి తిరిగొచ్చే ఏ దేశపు సిపాయైనా పెట్టెలో ఒక జ్ఞాపకం తెచ్చుకోవడం పరిపాటి. అటక మీదో, ట్రంకుపెట్టె అడుగునో బాయినెట్ దొరికితే దాని వెంట ఒక కథ కూడా దొరుకుతుంది. తాతగారు శత్రువు తుపాకీ నుంచి ఊడబెరుక్కున్నారని! కథ సంగతి తేల్చుకోవాలంటే ముందు పిడి కొస చూడండి.

తుపాకీకి తగిలించే బాయినెట్‌కు పిడి కొసన లోతైన గాడి ఉంటుంది. 1930లలో జర్మన్ సిపాయిలు సెలవు రోజున ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు నడుముకు కట్టుకున్న అలంకారపు బాయినెట్లలో చాలావాటికి గాడి ఉండదు, ఉన్నా పేరుకే. అలుగు మీద తళతళలాడే నికెల్ పూత, పిడికి రెండు రివెట్లతో బిగించిన నల్లని గళ్ళ పలకలు, పక్షి తల ఆకారంలో పిడి కొస, నల్లరంగు ఉక్కు ఒర. అలుగు పొడవు సాధారణంగా 20 లేదా 25 సెంటీమీటర్లు. ఇది సర్కారు ఇచ్చిన ఆయుధం కాదు, సిపాయి సొంత డబ్బుతో కొనుక్కున్న ముస్తాబు. కనుక గాడి లేని కత్తి ఏ తుపాకీ మీదా ఎక్కలేదు. ఏ బారకాసులోనో దొరికి ఉంటుంది. కథ కొంచెం మార్చుకోవలసిందే!

సర్కారు ఇచ్చినవాటి ముద్రలు వేరు. మొదటి యుద్ధం నాటి ప్రష్యా బాయినెట్ అయితే అలుగు వీపు మీద కిరీటం, దాని కింద డబ్ల్యు అక్షరం, రెండంకెలు ఉంటాయి. డబ్ల్యు అంటే కైజర్ విల్‌హెల్మ్, 15 అంటే 1915. హిట్లర్ కాలానికి కంపెనీల పేర్లు దాచిపెట్టి మొదట అంకెలు, 1940 దరిమిలా మూడక్షరాల గుర్తులు వేశారు. సి.ఓ.ఎఫ్. అంటే ఐకార్న్ కంపెనీ, సి.వి.ఎల్. అంటే డబ్ల్యు.కె.సి. వీటి మీద తనిఖీదారు వేసిన బుల్లి గద్ద ముద్ర కూడా ఉంటుంది. అలుగు మీది నంబరు, ఒర మీది నంబరు ఒకటి కాకపోతే రెండూ వేర్వేరు కత్తులవన్నమాట.

అలంకారపు కత్తి మీద మాత్రం కంపెనీ తన బొమ్మ దాచుకోలేదు. ఎక్కువ భాగం జోలింగెన్ ఊరివే. పాతకాలపు మంగలికత్తుల మీద ఆ పేరు చూసినవారు మనలోనూ ఉన్నారు. ఐకార్న్ వారిది ఉడత, ఎందుకంటే జర్మన్ భాషలో ఉడత పేరు వారి ఇంటిపేరుకు దగ్గర. హొల్లర్ వారిది థర్మామీటరు. డబ్ల్యు.కె.సి. వారిది శిరస్త్రాణం పెట్టిన వీరుడి తల.

త్రాసు గుర్తు కనిపిస్తే మాత్రం ఒక్క క్షణం ఆగండి. అది కొప్పెల్ వారిది. యూదు కుటుంబం. హిట్లర్ సైన్యానికీ ఆ కార్ఖానా కత్తులు చేసింది. 1936లో ఆ వ్యాపారాన్ని వారి చేతుల్లోంచి లాగేసుకున్నారు. తరవాత అదే కార్ఖానా 'ఆల్కోసో' పేరుతో, అదే త్రాసు గుర్తుతో నడిచింది. అలెగ్జాండర్ కొప్పెల్‌ను ముసలితనంలో తెరెజిన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి పంపారు. 1942లో అక్కడే పోయాడు. ఆ చిన్న త్రాసు బొమ్మ వెనక ఇంత ఉంది.

కొన్ని అలుగుల మీద 'నా కొలువు దినాల జ్ఞాపకార్థం' అని జర్మన్‌లో చెక్కి ఉంటుంది. వీటికి ధర ఎక్కువ పలుకుతుంది కనుక, సాదా కత్తి మీద తరవాత చెక్కించి అమ్మేవాళ్ళూ ఉన్నారు. పాత గీతల మీద కొత్త చెక్కడం ఉంటే అనుమానించాలి.

చట్టం మాట కూడా చెప్పాలి. 1959 ఆయుధాల చట్టం కింది నిబంధనల్లో బాయినెట్ పేరు పెట్టి ఉంది. కొనేముందు, అమ్మేముందు పోలీసు స్టేషనులో కనుక్కోవడం మేలు. నూరేళ్ళు దాటినదైతే, అమెరికాలో ఉన్న మనవడికి పంపుదామన్నా 1972 పురావస్తు చట్టం అడ్డొస్తుంది.

ఇక, దొరికిన కత్తిని ఇత్తడి బిందెలాగ చింతపండు పెట్టి తోమకండి. పులుపు నికెల్‌నూ ముద్రనూ కలిపి తినేస్తుంది. కుట్టుమిషను నూనె ముంచిన మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. ముద్ర సరిగా అగుపించకపోతే పలచని కాయితం పరిచి పైన పెన్సిలు మెల్లగా రుద్దండి, బొమ్మ తేలుతుంది.