మంచుకొండ మీద విమానం: గుట్టు చెప్పిన మెరుపులు

2013 ఫిబ్రవరి 2న టెహ్రాన్‌లో నాటి ఇరాన్ అధ్యక్షుడు మహమూద్ అహ్మదీనెజాద్ ‘కాహెర్-313’ అనే యుద్ధ విమానాన్ని ఆవిష్కరించారు. రాడార్‌కు చిక్కదని, దేశంలోనే తయారైందని అధికారులు చెప్పారు. కొద్ది రోజులకే అది మంచు కప్పిన దమావంద్ శిఖరం మీదుగా ఎగురుతున్న ఫొటో అక్కడి వార్తా మాధ్యమాల్లో కనిపించింది. విమానాలంటే మక్కువ ఉన్నవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? అసలుదా, అతికించిందా అన్న వాదన మొదలైంది.

గుట్టు బయటపెట్టింది వెలుగే. ఎగురుతున్న ఫొటోను ఆవిష్కరణ నాటి ఫొటో పక్కన పెట్టి చూస్తే విమానం తిరిగి ఉన్న కోణం, దాని ఒంటి మీది మెరుపులు అచ్చం ఒకేలా ఉన్నాయి. వంపు తిరిగిన ఉపరితలం మీద మెరుపు ఎక్కడ పడాలన్నది మూడింటిని బట్టి ఉంటుంది: దీపం ఉన్న చోటు, ఆ వంపు, కెమెరా నిలిచిన చోటు. వీటిలో ఏ ఒక్కటి మారినా మెరుపు జరుగుతుంది. హాలులో దీపాలు అనేకం, ఆకాశంలో సూర్యుడొక్కడే. రెండు చోట్లా ఒకే మెరుపులు పడటం కాకతాళీయం కాదు. వెనకున్న కొండ బొమ్మ కూడా అంతకుముందు నుంచే చలామణిలో ఉన్నదని తేలింది.

ఫొటో సంగతి సరే, విమానం మాటేమిటి? పైలట్ కూర్చుంటే కాక్‌పిట్ మరీ ఇరుకుగా కనిపించింది. గాలి లోపలికి పోయే ద్వారాలు చిన్నవి, పైగా రెక్కల మీద ఉన్నాయి. విమానం ముక్కు బాగా పైకెత్తినప్పుడు రెక్క అడ్డుపడి ఇంజన్‌కు గాలి సరిగా అందకపోవచ్చు. వెనక నాజిల్ జాడే లేదు. వందల డిగ్రీల వేడి వాయువులు అలా బయటికొస్తే తోక భాగం ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇలాంటి ఫొటోలను పిక్సెళ్ల స్థాయిలోనూ పరీక్షిస్తారు. ప్రతి కెమెరా సెన్సర్‌కూ తనదైన సన్నని గరుకు ఉంటుంది. అతికించిన ముక్కలో ఆ గరుకు వేరుగా కనబడుతుంది. అయితే ఫొటోను పదేపదే కుదించి పంచుకుంటూ పోతే ఆ జాడ చెరిగిపోతుంది. అందుకే నీడలు, మెరుపులే నమ్మకమైన సాక్షులు.

అనుమానం అన్నిసార్లూ గెలవదు. 2010 డిసెంబర్ చివర్లో చైనాలోని చెంగ్దు విమానాశ్రయం దగ్గర దూరం నుంచి తీసిన మసక ఫొటోలు వచ్చాయి. నల్లని కొత్త యుద్ధ విమానం అందులో ఉంది. చాలామంది నకిలీ అని కొట్టిపారేశారు. కానీ వేర్వేరు కోణాల నుంచి తీసిన ఫొటోలు వస్తూనే ఉన్నాయి, వాటిలో విమానం ఆకారం ఒకదానితో ఒకటి సరిపోయింది. ఒక్క ఫొటోను అతికించడం తేలికే. పది కోణాల్లో ఒకే వస్తువును పొరపాటు లేకుండా సృష్టించడం ఆనాటికి చాలా కష్టమైన పని. 2011 జనవరి 11న ఆ జె-20 గాలిలోకి లేచింది. అప్పుడు అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ బీజింగ్‌లోనే ఉన్నారు. 2020 నాటికి చైనా దగ్గర ఈ తరం విమానం ఒక్కటీ ఉండదని 2009లో అంచనా వేసింది ఆయనే.

కాహెర్ మాత్రం 2017 ఏప్రిల్‌లో మళ్లీ కెమెరా ముందుకు వచ్చింది. ఈసారి వెనక రెండు నాజిళ్లు అమర్చారు. రన్‌వే మీద పరుగు తీసింది గానీ, నేల విడవలేదు.