మీకు తెలుసా? ఫార్మాట్ కొట్టించే ముందు…

సిస్టమ్ నెమ్మదించిందంటే మండవల్లిలో అయినా కైకలూరులో అయినా చెప్పే వైద్యం ఒకటే: "ఫార్మాట్ కొట్టించెయ్యండి." కొట్టించాక మళ్లీ అదే విండోస్, ఆర్నెల్లకి మళ్లీ అదే నత్తనడక. ఇప్పుడా దారీ మూసుకుపోతోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకి మాత్రం 2026 అక్టోబరు 13 దాకా గడువిచ్చింది. పోనీ విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎం 2.0 చిప్పు కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరు కావాలి. ఆ తరం బజారులోకి వచ్చిందే 2017లో. అంతకు ముందు కొన్న పెట్టె ఎంత బాగా పనిచేస్తున్నా గుమ్మం బయటే ఆగిపోతుంది.

పెట్టెలో చెడిందేమీ లేదు, లోపలి ఓఎస్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి, కాలం చెల్లింది. విండోస్ బదులు అందులో లినక్స్ అనే వేరే ఓఎస్ వేసుకోవచ్చు. పాత ఇనుము బండి వచ్చేలోపు దాని గురించి ఈ నాలుగు ముక్కలు చదవండి.

లినక్స్ మీ ఇంట్లో ఇప్పటికే ఉంది

పెదయడ్లగాడి వంతెన దగ్గర బండి ఆపి చేపల రేటు చూసుకునే రైతు చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, దాని అడుగున నడుస్తున్నది లినక్సే. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి పంచిన ట్యాబుల్లోనూ అదే. ఇళ్లల్లో వైఫై రూటర్లూ స్మార్ట్ టీవీలూ చాలావరకు దాని మీదే బతుకుతున్నాయి. ఇక పై అంతస్తుకి వెళ్తే, ప్రపంచంలో అత్యంత వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి 500కి 500 లినక్స్‌వే. జేబులోనూ అదే, సూపర్ కంప్యూటర్‌లోనూ అదే. మధ్యలో ఇంటి బల్ల మీది పెట్టె ఒక్కటే మిగిలిపోయింది.

గొడవంతా ఒక ప్రింటర్ దగ్గర మొదలైంది

1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలకి ఒక లేజర్ ప్రింటర్ వచ్చింది. కాగితం ఇరుక్కుంటే తెలిసేది కాదు. వేరే అంతస్తు నుంచి నడిచి వచ్చి చూస్తే ఒక్క పేజీ కూడా వచ్చి ఉండేది కాదు. కాగితం ఇరుక్కోగానే అందరికీ కబురందేలా ప్రోగ్రామ్‌లో చిన్న మార్పు చేద్దామనుకున్నాడు రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు. సోర్సు కోడ్ అడిగితే, దాన్ని ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానని ఆ కోడ్ ఉన్న మనిషి చెప్పాడు. స్టాల్‌మన్‌కి అది మనసులో నాటుకుపోయింది. 1983 సెప్టెంబరు 27న, ఎవరైనా చూసుకుని మార్చుకుని పంచుకోగల ఓఎస్ రాస్తానని ప్రకటించాడు. దాని పేరే గ్నూ. ఇంచుమించు అన్నీ కూడాయిగానీ నడిమి గుండెకాయ, అంటే కెర్నెల్, కుదరలేదు. 1991 ఆగస్టు 25న హెల్సింకీలో చదువుకుంటున్న 21 ఏళ్ల లినస్ టోర్వాల్డ్స్, సరదాకి ఒక ఓఎస్ రాస్తున్నానని నలుగురికీ చెప్పాడు. అదే లినక్స్ కెర్నెల్. మరుసటి ఏడాది దాన్ని గ్నూ లైసెన్సు కిందికి తెచ్చాడు. రెండూ అతికాయి.

ఇంత జరిగాక కూడా లినక్స్‌కి మారేవాళ్లని ముందుగా ఏడిపించేది ప్రింటరే. మన జిరాక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో గుండ్రటి మూతతో కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900నే తీసుకోండి. దానికి కంపెనీ ఇచ్చిన లినక్స్ డ్రైవర్ పాతకాలంది, కొత్త లినక్స్‌ల మీద దాన్ని నిలబెట్టడానికి ఓపిక కావాలి. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి హెచ్‌పీలిప్ అనే ప్యాకేజీ చాలు, పాత లేజర్‌జెట్‌లు కొన్నింటికి అదనంగా ఒక ప్లగిన్ దించుకోమంటుంది. మారదామనుకునేవాళ్లు మొదట చూసుకోవాల్సింది కంప్యూటర్ మోడల్ కాదు, ప్రింటర్ మోడల్.

ఫ్రీ అంటే మనవాళ్లు కదలరు

లినక్స్ మంచిదని చెప్పేవాళ్లు చేసే మొదటి పొరపాటు, "ఇది ఫ్రీ" అనడం. మన దగ్గర విండోస్‌కి డబ్బు కట్టిందెవరు? అసెంబుల్డ్ సిస్టమ్ కొంటే దుకాణంవాడు పెన్‌డ్రైవ్ పెట్టి, యాక్టివేటర్ ఒకటి నడిపి, "సార్, ఓఎస్ వేసేశాను" అనేవాడు. దొంగ విండోస్ కూడా ఫ్రీయే కదా! తేడా జేబులో కాదు, ఆ యాక్టివేటర్‌లో ఉంది. అది నడవాలంటే యాంటీవైరస్ ఆపమంటారు. ఆ పూట ఇంకేం లోపలికి వచ్చిందో ఎవరికీ తెలియదు. బ్యాంకు పాస్‌వర్డులూ జీఎస్టీ లాగిన్‌లూ ఉన్నది అదే పెట్టెలో. లినక్స్‌లో యాక్టివేషన్ అనే తంతే లేదు. సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఒకే భండారం నుంచి దిగుతాయి, ఓఎస్‌తో పాటే అప్‌డేట్ అవుతాయి. డబ్బు మిగులుతుందని కాదు, ఈ ఊరట కోసం మారండి.

కెనానికల్ కంపెనీ 2011 వరకు ఉబుంటు సీడీలని అడిగినవాళ్లందరికీ పోస్టులో పంపించేది, తపాలా ఖర్చు కూడా దానిదే. డయల్-అప్ మోడెం మీద ఓఎస్ దించడం కలలో మాట అయిన రోజుల్లో, మన దేశంలో ఎందరో కుర్రాళ్లు లినక్స్ మొదటిసారి చూసింది ఆ అట్ట కవర్లోనే.

తెలుగు దానికి కొత్తకాదు

హైదరాబాదులో పనిచేసే స్వేచ్ఛ అనే సంస్థ 2005లోనే మెనూలతో సహా తెలుగులో ఉండే లినక్స్ ఓఎస్‌ని తన పేరుతోనే విడుదల చేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ 2007లో వచ్చింది, అందులోనూ తెలుగుంది. లిబ్రేఆఫీస్‌నీ గ్నోమ్ డెస్క్‌టాప్‌నీ తెలుగు మెనూలతో వాడుకోవచ్చు. అనువాదం అక్కడక్కడా మరీ గ్రాంథికం, కొన్ని మెనూల్లో సగం ఇంగ్లీషే మిగిలింది. నేనైతే మెనూలు ఇంగ్లీషులో ఉంచేసుకుని, రాయడానికి తెలుగు వాడుకోమంటాను.

రాయడానికి మాత్రం ఏ లోటూ లేదు. ఐబస్ అనే పద్ధతిలో ఎమ్17ఎన్ పట్టిక తెరిస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, పోతన, ఆర్‌టీఎస్ లేఅవుట్లు వరసగా ఉంటాయి. చాలా డీటీపీ ఆపరేటర్ల వేళ్లు ఆపిల్ కీబోర్డుకి అలవాటు పడ్డవి కాబట్టి పెద్దగా తడబడక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్లకి ఆర్‌టీఎస్ ఉంది. టెక్సాస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉండగా కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన పద్ధతది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ఇప్పటికీ ప్యాకేజీగా దొరుకుతాయి.

2018 ఫిబ్రవరి గుర్తుందా? 'జ్ఞా'కి చెందిన ఒక రూపం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. తెరుద్దామంటే మళ్లీ కూలేవి. జ, పొల్లు, ఞ, వాటి వెనక కంటికి కనపడని ఒక నాన్-జాయినర్ గుర్తు, ఆపైన దీర్ఘం: ఈ అయిదూ ఆ వరసలో వస్తే ఆపిల్ అక్షరాలు పేర్చే యంత్రాంగం తికమకపడిపోయింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చాకగానీ సర్దుకోలేదు. అదే మెసేజ్ ఆండ్రాయిడ్ ఫోన్లలో నిమ్మళంగా తెరుచుకుంది. ఆండ్రాయిడ్‌లోనూ లినక్స్ డెస్క్‌టాప్‌లలోనూ ఒత్తులూ గుడులూ పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే ఓపెన్‌సోర్స్ లైబ్రరీది. 'స్త్రీ' అని కొడితే కంప్యూటర్‌కి అందేది ఆరు గుర్తులు; స కింద త ఒత్తు, దాని పక్కన ర ఒత్తు, పైన గుడిదీర్ఘం ఎక్కడ కూర్చోవాలో తేల్చేది అదే. దాన్ని ముందుండి నడిపించింది ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్.

అసలు అడ్డం: అను, ట్యాలీ, వేలిముద్ర

లినక్స్ కష్టమని ఎవరైనా అంటే నమ్మకండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ, యూట్యూబ్, జీమెయిల్ ఎక్కడైనా ఒకటే. ఈ ప్రాంతంలో అడ్డం పడేవి వేరే.

మొదటిది, శుభలేఖ వేసే డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్, దానికి అను ఫాంట్లు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అప్పటికి పుట్టని కుర్రాళ్లు ఇవాళ దాని మీద పెళ్లి కార్డులు కడుతున్నారు. అను ఫైల్లో కనిపించే తెలుగు నిజానికి తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల గళ్లల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినది. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే 'వధువు' ఉండాల్సిన చోట అర్థంకాని గుర్తుల వరస వస్తుంది. లినక్స్‌లో పేజ్‌మేకరూ లేదు, అను మేనేజరూ లేదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయిగానీ, మార్చాక ఒత్తుల దగ్గర కన్నేసి దిద్దుకోవాలి. పేరు తప్పుపడితే పెళ్లివారు ఊరుకోరు! కొత్త పనులకి స్క్రైబస్ ఉంది. 2024లో వచ్చిన 1.6 వెర్షన్ తెలుగు ఒత్తుల్ని సరిగా పేరుస్తుంది. ఇంక్‌స్కేప్ కూడా బాగుంటుంది. అయినా ఇరవయ్యేళ్ల ఫైళ్లు కుప్పగా ఉన్న సెంటరుని ఒక్కసారిగా మారమని నేను చెప్పను.

రెండోది ట్యాలీ. చేపల ప్యాకింగ్ వ్యాపారి, ఐస్ ఫ్యాక్టరీ, రైసుమిల్లు, మేత డీలరు, అందరి లెక్కలూ అందులోనే. ట్యాలీ ప్రైమ్ విండోస్ కోసం చేసిన సరుకు. మూడోది వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెన్. సేవా కేంద్రం నడిపేవాళ్లు ఆ పరికరం కంపెనీని అడగకుండా విండోస్ తీసెయ్యకూడదు. ఈ మూడూ లేని పెట్టె, అంటే పిల్లల చదువుకీ సినిమాలకీ ఉత్తరాలకీ వాడే ఇంటి పెట్టె అయితే, ఆలోచించాల్సిందేమీ లేదు.

కేరళ ఈ లెక్క ఎప్పుడో తేల్చేసుకుంది. అక్కడ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఐటీ నేర్చుకునేది, పరీక్ష రాసేది లినక్స్ మీదే. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2015లో ఓపెన్‌సోర్స్ విధానం ప్రకటించింది. కాగితం మీద బాగానే ఉంది.

పెన్‌డ్రైవ్ పెట్టి ముందు రుచి చూడండి

2022 ఏప్రిల్ 4న మండవల్లి మండలం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. గుడివాడ-భీమవరం రైలు అదే స్టేషన్లో ఆగుతోంది, చెరువులు ఎక్కడివక్కడే ఉన్నాయి, పెద్దాఫీసు మాత్రం మారింది. ఓఎస్ మారడం అలాంటిదే. కాకపోతే ఇక్కడ ముందుగా ఊరికే తిరిగి చూసొచ్చే వీలుంది.

మొదటిసారి మారేవాళ్లకి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం హాయి. 2 జీబీ ర్యామ్ ఉన్నా లేస్తుంది, 4 జీబీ ఉంటే సుఖం. దాని ఐఎస్ఓ ఫైలు మూడు జీబీ దరిదాపుల్లో ఉంటుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ లేదా ఎచర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించాలి, ఊరికే కాపీ చేస్తే పనిచేయదు. సిస్టమ్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కాలి: కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే మింట్ తెర వస్తుంది. అప్పుడు వైఫై కలపండి, పాట పెట్టండి, ప్రింటర్ తగిలించండి, మూత మూసి తెరిచి లాప్‌టాప్ నిద్ర లేస్తోందో లేదో చూడండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ లాగేసి రీస్టార్ట్ చేస్తే మీ విండోస్ మీకుంటుంది.

నచ్చితే తెర మీదే ఇన్‌స్టాల్ గుర్తుంటుంది. అక్కడొచ్చే ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం చెయ్యి ఆపండి. 'ఎరేజ్ డిస్క్' అంటే డిస్కులో ఉన్నవన్నీ పోతాయి, అమ్మాయి ఓణీల ఫోటోలతో సహా. 'ఎలాంగ్‌సైడ్' అంటే రెండూ పక్కపక్కన ఉంటాయి. ఏది ఎంచుకున్నా ఫైళ్లు ముందుగా వేరే డిస్కులోకి తీసుకోండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద పెట్టండి. పార్టిషన్లు మారుతుండగా కరెంటు పోతే ఏ ఓఎస్ అయినా క్షమించదు. పాత హార్డ్ డిస్క్ బదులు చిన్న ఎస్ఎస్‌డీ వేయించగలిగితే, వేగంలో సగం తేడా అక్కడే వస్తుంది. ఆ మాట లినక్స్ అభిమానులు తొందరగా ఒప్పుకోరు.

రెండూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్లకి ఇంకొక్కటి. లినక్స్ వాడి ఆపేసి ఉదయం తొమ్మిదిన్నరకి విండోస్ తెరిస్తే గడియారం నాలుగు చూపిస్తుంది. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని అంతర్జాతీయ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్ని మన సమయమే అనుకుంటుంది. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. బ్యాటరీ పోయిందనుకుని కొత్త సెల్లు కొనకండి. విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ సింక్ నొక్కితే ఆ పూటకి సర్దుకుంటుంది, శాశ్వతంగా పోవాలంటే లినక్స్ వైపు ఒక్క లైను కమాండు చాలు.