అటక మీది పాత కంప్యూటర్.. ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు!

ఎంబెడెడ్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న: మెమరీ మ్యాప్డ్ ఐఓ అంటే ఏంటి? డెఫినిషన్ మీకు వచ్చు, నాకూ వచ్చేది. 'మరి ఎప్పుడైనా స్వయంగా చేసి చూశారా?' అని రెండో ప్రశ్న పడేసరికి నా దగ్గర మాటల్లేవు. ఫైనలియర్‌లో చేతిదాకా వచ్చిన ఉద్యోగం అలా పోయింది. జవాబు ఆ తర్వాత దొరికింది, జనగామలో ఓ రిటైర్డ్ సార్ ఇంటి అటక మీద. బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ అది.

బ్రిటన్‌లోని ఏకార్న్ కంపెనీ 1981లో దీన్ని తెచ్చింది. మోడల్ బీలో 6502 ప్రాసెసర్, వేగం 2 మెగాహెర్ట్జ్, ర్యామ్ 32 కేబీ. మీ ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. మన దేశంలో 1984లో మొదలైన 'క్లాస్' ప్రాజెక్టు కింద సుమారు 250 స్కూళ్లకు వెళ్లింది ఈ బీబీసీ మైక్రోలే. ఇంకో సంగతి. మొదటి ఏఆర్ఎం చిప్‌ను 1985 ఏప్రిల్‌లో పరీక్షించింది ఈ మెషీన్‌కు తగిలించే. మీ ఫోన్‌లో ప్రాసెసర్ దాని వారసుడే!

ఎక్కడైనా ఇలాంటిది దొరికితే మొదటి రూల్: ప్లగ్ పెట్టొద్దు. పవర్ సప్లైలో రీఫా అనే కెపాసిటర్లు ఉంటాయి. వాటి పైతొడుగు ఏళ్ల తరబడి పగుళ్లిచ్చి తేమ పీల్చుకుంటుంది. స్విచ్ వేసిన కాసేపటికి పొగ, ఇల్లంతా కంపు. ఎక్స్2 రేటింగ్ ఉన్న కొత్తవి వేయాలి. అయితే ప్లగ్ తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. కాబట్టి ఈ ఒక్క పని మాత్రం టీవీ మెకానిక్ అన్న పక్కన ఉండగానే చేయండి. మహబూబాబాద్‌లో రైలెక్కితే సికింద్రాబాద్, అక్కడి నుంచి కోఠి గుజరాతీ గల్లీ. విడిభాగాల కోసం నేను తిరిగిందీ అక్కడే.

తర్వాత స్విచ్ వేయండి. 'బూ.. బీప్' అని రెండు స్వరాలు వస్తే ప్రాణం ఉన్నట్టే. ఒకే మోత ఆగకుండా వస్తోందంటే ఏదో తేడా. నాది అలాగే మోగింది. సాకెట్లలో ఉన్న చిప్పులను ఒక్కొక్కటే మెల్లగా తీసి, కాళ్లకు పట్టిన తుప్పు తుడిచి మళ్లీ కూర్చోబెట్టా. రెండు రాత్రులు పట్టింది. వీడియో ఔట్‌పుట్‌ను పాత టీవీ ఏవీ పోర్టుకు కలిపితే బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది. బోర్డు మీద ఎస్39 అనే లింక్ కలిపితే రంగులొస్తాయి.

ఇక అసలు పాఠం. కింద యూజర్ పోర్ట్ ఉంటుంది. బేసిక్‌లో హెక్సా ఎఫ్ఈ62 అడ్రసులో 255 రాస్తే ఎనిమిది పిన్నులూ ఔట్‌పుట్‌గా మారతాయి. ఎఫ్ఈ60లో 1 రాస్తే మొదటి పిన్ హై అవుతుంది. మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ పెట్టి ఎల్ఈడీ కలపండి, వెలుగుతుంది. ముందు డైరెక్షన్ రిజిస్టర్, తర్వాత డేటా రిజిస్టర్. ఇవాళ్టి చాలా మైక్రోకంట్రోలర్లలో నడిచేదీ ఈ పద్ధతే. కాకపోతే అక్కడ లైబ్రరీ ఫంక్షన్ దాన్ని మీకు కనబడకుండా దాచేస్తుంది.

అప్‌గ్రేడ్ అంటారా? ఫ్లాపీ డ్రైవ్ కోసం వెతకొద్దు, టైం దండగ. యూజర్ పోర్టుకు ఎస్‌డీ కార్డ్ బోర్డు పెట్టేయండి చాలు. నాకు బాగా నచ్చింది పైట్యూబ్‌డైరెక్ట్. ట్యూబ్ అనే కనెక్టర్‌కు రాస్ప్‌బెర్రీ పై తగిలిస్తే అది రెండో ప్రాసెసర్‌గా పనిచేస్తుంది. పాతది 5 వోల్టులు, పై 3.3 వోల్టులు. మధ్యలో లెవల్ షిఫ్టర్ లేకుండా కలిపారో, పై పోయినట్టే. ఇదీ ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్నే.

దీనివల్ల ఉద్యోగం గ్యారంటీ అని చెప్పను. సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ వైపు వెళ్లేవాళ్లు ఈ టైంలో కోడింగ్ ప్రాక్టీస్ చేసుకోవడమే మేలు. భూపాలపల్లి మిత్రులు మాత్రం ఓసారి ఆలోచించండి. పక్కనే సింగరేణి గనులు, చెల్పూరులో థర్మల్ కేంద్రం. అలాంటి పరిశ్రమల్లో యంత్రాలు దశాబ్దాల తరబడి నడుస్తాయి. పాత బోర్డును చూసి భయపడని మనిషి అక్కడ అవసరం. రెజ్యూమెలో 'వింటేజ్ కంప్యూటర్స్ హాబీ' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ లోపం వచ్చింది, దేంతో కొలిచారు, ఏం మార్చారు.. ఈ మూడూ రెండు లైన్లలో రాయండి.

మెషీన్ దొరకలేదా? జేఎస్‌బీబ్ అనే ఎమ్యులేటర్ బ్రౌజర్‌లోనే ఉచితంగా నడుస్తుంది. పైన చెప్పిన రెండు అడ్రసుల్లోనూ అక్కడే రాసి చూడొచ్చు. ఎల్ఈడీ ఉండదు కాబట్టి వెలగదు. ఎఫ్ఈ60ని తిరిగి చదివి ప్రింట్ చేయండి. 1 వచ్చిందంటే సరిగ్గా చేసినట్టే.