ఈగపులి

మిర్యాలగూడ ప్రాంతమున ఏ యింటి గోడపైనైనను, పెరటి చెట్ల ఆకులపైనైనను పగటివేళ ఒక చిన్న సాలీడు కనబడును. పొడవు సుమారు ఒక సెంటీమీటరు. మనము సమీపించినను వెంటనే పారిపోదు. ఇటు తిరిగి మనలనే చూచును. దీనికి ఈగపులి యను పేరు కలదు. ఆ పేరెంత తగినదో దాని వేటను చూచినవారికి తెలియును.

ఇది వల పన్ని ఈగకొరకు కాచుకొని యుండదు. దీని ఎనిమిది కన్నులలో ముందరి రెండు పెద్దవి. వానితో ఎరను స్పష్టముగా చూచును. తక్కినవి ప్రక్కల కదలికను పసిగట్టును. పిల్లివలె మెల్లగా ప్రాకి, ఒక్క దూకుతో పట్టును. దూకుటకు ముందు ఒక దారమును గోడకంటించును; గురి తప్పినను దానిని పట్టుకొని వ్రేలాడును. శరీరములోని ద్రవము ఒత్తిడితో కాళ్ళలోనికి పాఱుటచే అవి ఒక్కసారి చాచుకొనును. ఆ దూకునకు ఇదియే బలము.

సాలీడు ప్రాకిన ఒంటిపై పొక్కులు లేచునని కొందరు దీనిని చంపుదురు. ఈగపులి వలన మనుష్యునకు హాని లేదు. వానకాలమున వరిపొలములనుండి దీపములకు వచ్చు ఒక సన్నని పురుగు కలదు. నలుపు, నారింజ రంగుల పట్టీలు దాని గురుతు. దానిని నలిపిన, రసము తగిలిన చోట చర్మము కాలినట్లు పొక్కును. నేరము దానిది, శిక్ష సాలీటికి! ఆ పురుగు వ్రాలిన నలపక ఊదివేసి, ఆ చోటును సబ్బుతో కడుగవలెను.

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిదప ఇచట వరిసాగు విస్తరించినది. వరికి సుడిదోమ పెద్ద శత్రువు. దుబ్బుల మొదళ్ళలో తిరుగుచు దానిని తినునవి ఈగపులికి బంధువులైన వేటసాలీళ్ళు. అవసరము లేకయే మందు చల్లిన ఇవి చచ్చును. ఆకు తొడిమలలో దాగిన సుడిదోమ గ్రుడ్లు మిగులును. పిల్లలు వెలువడునాటికి వానిని తినువారుండరు. రైతు మరల మందు కొనవలసివచ్చును.

దోమల విషయమున మాత్రము పంచాయతీ సభ్యులు సాలీళ్ళపై భారము వేయరాదు. విక్టోరియా సరస్సు ప్రాంతమున రక్తము త్రాగిన దోమలనే ఏరి తిను సాలీడొకటి కలదు. మన ఈగపులికి అట్టి ఎన్నిక లేదు, చిక్కినదానిని తినును. మురుగుకాలువ పూడిక తీయుట మన పనియే.

పాఠశాలకు, పంచాయతీ కార్యాలయమునకు సున్నము వేయించునపుడు దుమ్ముపట్టిన బూజును దులిపింపవచ్చును. తలుపుల వెనుక, దూలముల సందులలో తెల్లని పట్టుసంచులు చిన్నవి కనబడిన వదలుడు. గ్రుడ్లను కాచుచు తల్లి యందుండును.