సిగ్నల్ దొరికిన చోటే సినిమా హాలు

అరకులోయ: రోడ్డు మలుపులో మోటారు సైకిల్ ఆపి, ఫోను పైకెత్తి, కదలకుండా నిలబడిన కుర్రాళ్లు మన్యంలో తరచు కనిపిస్తారు. నాలుగడుగులు అటు వేస్తే సిగ్నల్ పోతుంది. అరకు, పాడేరు, ముంచింగిపుట్టు కొండల్లో చేతికి ఫోను వచ్చింది గాని, ఆ ఫోనులోకి బొమ్మ రావడమే కష్టం. దేశదేశాల చలనచిత్రోత్సవాల్లో ఆడిన లఘుచిత్రాలను నగరంలో ఇంట్లో కూర్చుని చూస్తున్నారు. ఇక్కడ గుట్ట ఎక్కాలి.

ఒకప్పుడు ప్రభుత్వ ప్రచార వ్యాను ఊళ్లోకి వచ్చి, తెర కట్టి, ఫిలిమ్స్ డివిజన్ చిత్రాలు చూపేది. ఏ బొమ్మ చూడాలో వ్యాను చెప్పేది. ఇప్పుడు ఎంపిక చూసేవాడిదే. అయితే పేరున్న లఘుచిత్రం ఇంటర్నెట్‌లోకి రావడానికి ఆలస్యమవుతుంది. కాన్ ఉత్సవంలో పోటీకి వెళ్లే లఘుచిత్రం 15 నిమిషాలు మించరాదు. అంతకుముందు ఇంటర్నెట్‌లో వచ్చి ఉండరాదు. అందుకే దర్శకులు ఉత్సవాల చుట్టూ తిప్పినన్నాళ్లూ చిత్రాన్ని దాచుకుంటారు. ఆ తిరుగుడు ముగిశాకే జనానికి వదులుతారు.

కరోనా కాలంలో మాత్రం ఈ కట్టుబాటు కొంత సడలింది. 2020 మే 29 నుంచి జూన్ 7 వరకు, పది రోజులపాటు, కాన్, వెనిస్, బెర్లిన్, ముంబయి సహా ఇరవైకి పైగా ఉత్సవాలు కలిసి యూట్యూబ్‌లో ఉచితంగా చిత్రాలు చూపాయి. మన తెలుగులో దీపక్ రెడ్డి తీసిన ‘మనసానమః’ 513 అవార్డులతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ప్రేమకథను చివరి నుంచి మొదటికి చెప్పిన ఆ చిత్రాన్ని కూడా యూట్యూబ్‌లోనే చూడవచ్చు.

ప్రేమకథలు ఎక్కడైనా ఒకటే. మన్యం వారికి ఇంకా దగ్గరి చిత్రాలు వేరే ఉన్నాయి. సర్వైవల్ ఇంటర్నేషనల్ సంస్థ 2009లో నియంగిరి కొండ మీద పది నిమిషాల పైచిలుకు చిత్రం తీసింది. పేరు ‘మైన్’. ఇంగ్లీషులో ఆ మాటకు గని అనీ, నాది అనీ రెండర్థాలు. నియంగిరి ఒడిశాలో ఉన్నా ఇవే తూర్పు కనుమలు. అక్కడి డోంగ్రియా కోందులు నియమరాజు కొలువున్న కొండను బాక్సైటు గనికి ఇవ్వబోమన్నారు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంపై 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దనే చెప్పాయి.

ఈ కథ అరకు వారికి కొత్త కాదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజులపై నడిచిన ‘సమత’ కేసులోనే, 1997లో, షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. చింతపల్లి వైపు బాక్సైటు కోసం 2015లో ఇచ్చిన 97వ నంబరు జీవో 2019 దాకా నిలిచి, తర్వాత రద్దయింది. ఆ నాలుగేళ్ల ఆందోళన చూసినవారు నియంగిరి బొమ్మను ఊరికే వినోదానికి చూడలేరు.

రాయగడ జిల్లా కాశీపురంలో బాక్సైటు వ్యతిరేక పోరాట నాయకుడు భగవాన్ మాఝీ పాట స్ఫూర్తిగా కె.పి. శశి తీసిన ‘గావ్ ఛోడబ్ నహీ’ అయిదారు నిమిషాల చిత్రం మాత్రమే. ఊరు వదలం అని దాని పేరుకు అర్థం. శశి 2022లో కన్నుమూశారు. పాట ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

2023 జూన్‌లో ఒకే రోజు ప్రారంభించిన 100 సెల్ టవర్లలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాకే వచ్చాయి. అయినా కొండ అడ్డం వస్తే సిగ్నల్ లేనట్లే. పావుగంట చిత్రానికి ఓ మోస్తరు స్పష్టతతో సుమారు వంద మెగాబైట్ల డేటా కావాలి. సంతకు వచ్చినప్పుడు అరకులోనే యూట్యూబ్ యాప్‌లో దింపుకొని వెళితే, ఇంటి దగ్గర సిగ్నల్ లేకున్నా ఆడుతుంది. చాలామందికి తెలియని సదుపాయం ఇది.

భాష సంగతి మరీ తమాషా. ఉత్సవాలకు వెళ్లే గిరిజన చిత్రాలకు కింద ఇంగ్లీషు అక్షరాలు వేస్తారు. ఇంగ్లండులో చూసేవారికి అవి లేకపోతే ఒక్క ముక్క అర్థం కాదు. నియంగిరి కోందుల మాట, ఇక్కడి కోందుల ఇళ్లలో వినిపించే కువి దగ్గరి చుట్టాలు. కొండ మీద ఆ బొమ్మ వేస్తే డోంగ్రియా ముసలాయన మాటలకు అక్షరాల అవసరం పెద్దగా ఉండదు. మధ్యలో వచ్చే ఇంగ్లీషు వ్యాఖ్యానానికి మాత్రం, హాస్టల్లో చదువుకునే పిల్లలెవరైనా పక్కన కూర్చుని అర్థం చెప్పాలి.