విపత్తు గడచిన పిదప పది నిమిషములు

ఆర్మూరు పసుపునకు పేరుపొందిన పట్టణమని సోదరీమణు లెఱుంగుదురు. 44వ, 63వ జాతీయ రహదారు లిచ్చట కలియుటచే, బండి ప్రమాదములందు గాయపడినవారును, చుట్టుపట్ల పల్లెలనుండి కాన్పునకు వచ్చు స్త్రీలును ఇచ్చటి దవాఖానాలను చేరుచుందురు.

ఒక రాత్రి నూహింతము. కాన్పైన వెంటనే బాలింతకు రక్తస్రావ మధికమైనది. ఒక నర్సు గర్భాశయమును మర్దించుచున్నది. ఒకతె సూదిమందునకు పరుగెత్తినది. వేఱొకతె నిజామాబాదు పంపుటకై బండిని పిలిపించుచున్నది. తల్లి గట్టెక్కవచ్చును, ఎక్కకపోవచ్చును. ఏది జరిగినను నేల తుడిచి, పక్కబట్టలు మార్చి, ఆ నర్సులే మఱొక మంచము చెంతకు పోవలసినదే. ఇల్లు చేరిన పిదప అన్నము సహింపదు. “మందు రెండు నిమిషములు ముందు తెచ్చియుండినచో?” అను ప్రశ్న నిద్రపట్టనీయదు. తప్పు తనదే యందురేమో యను భయముచే ఎవరితోను చెప్పదు.

ఇందులకే జట్టంతయు కూడి మాటాడుకొను పద్ధతి యేర్పడినది. దీనిని డీబ్రీఫింగు అందురు. గుండె ఆగిన రోగికి చికిత్స చేసినవారి కిట్టి కూడిక మేలు చేయవచ్చునని 2020లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తన సూచనలలో చేర్చినది.

అందఱును చెదరకముందే ఐదు పది నిమిషములు చాలును. ఇది తప్పు పట్టుటకు గాదని పెద్దనర్సు మొదటనే చెప్పవలెను. ఏమి జరిగినది, ఏది చక్కగా సాగినది, ఏది సమయమునకు చేతికందలేదు, ఇంతియే ప్రశ్నలు. చిన్నవారిని ముందు మాటాడనిచ్చుట మేలని నా యభిప్రాయము. డాక్టరుగారు ముందు పలికినచో తక్కినవారు తలయూపుటతో సరి. తుదకు తేలునది చిన్న సంగతియే కావచ్చును: మందుల బీరువా తాళపుచెవి ఎవరికొంగున నున్నదో తెలియకపోవుట వంటిది. అది ఆ రాత్రియే సరిదిద్దిన తరువాతి తల్లికి ప్రాణము. పసుపు ఉడికించు నిల్లాండ్రకిది క్రొత్తగాదు. కొమ్ము సరిగా ఉడుకనిచో మంట యెచ్చట తగ్గెనో చూతురుగాని కట్టెలు పెట్టినదానిని తిట్టిన పసుపు బాగుపడునా?

అయితే మనోవేదన వేఱు మాట. 1983లో జెఫ్రీ మిచెల్ అను నమెరికా పండితుడు ప్రమాదస్థలముల పనిచేయువారికై దుఃఖము వెళ్ళబోసికొను కూడిక నొకదానిని ప్రకటించెను. కాని ఘోరమును చూచినవారిని ఒక్కమారు కూర్చుండబెట్టి యంతయు చెప్పించినంతమాత్రాన ముందు రాబోవు మనోవ్యాధి ఆగదని 2002లో కాక్రేన్ సమీక్ష తేల్చినది. కావున ఎవరిని మాటాడుమని బలవంతపెట్టరాదు. వారములు గడచినను నిద్ర రానిచో వైద్యుని చూడవలసినదే.

ఈ పది నిమిషములు కొలువు గంటలలోనే చేర్చవలెను. బస్సు తప్పునని తొందరపడు నర్సు మనసిచ్చి యేమి మాటాడును? ఇంటియొద్ద అత్తగారు “ఆలస్యమేల?” అని యడుగుటకు మున్ను వేడినీళ్ళు పెట్టించి, కోడలు చెప్పినంతవఱకే వినుట మంచిది. రోగి పేరు మాత్ర మడుగరాదు.