మొదటి ఆట... మనింట్లోనే!

కొత్త సినిమా అంటే కటౌట్లు, పాలాభిషేకాలు, టికెట్ల దగ్గర తోపులాటలు. 2020లో కరోనా ఆ సందడికి తాళం వేసేసింది. నాని పాతికో సినిమా 'వి' ఆ ఏడాది ఉగాదికి, మార్చి 25న రావాలి. సరిగ్గా ఆ రోజే దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది!

సినిమా ఆగినా నిర్మాత తెచ్చిన అప్పుకి వడ్డీ ఆగదుగా. అప్పుడు ఆదుకున్నవి ఓటీటీలే. ఏప్రిల్ 29న 'అమృతరామమ్' నేరుగా జీ5లో వచ్చింది. సెప్టెంబరు 5న 'వి', అక్టోబరు 2న 'నిశ్శబ్దం' అమెజాన్ ప్రైమ్‌లో విడుదలయ్యాయి. ఇంటిల్లిపాదీ సోఫాలో కూర్చుని మొదటి ఆట చూసేశారు.

నిర్మాతకి దారి దొరికింది. మరి థియేటర్‌కి? బొమ్మ పడకపోతే క్యాంటీన్ లేదు, స్టాండులో బండి లేదు, పోస్టర్లు అంటించేవాళ్లకి పని లేదు. అక్టోబరు 15 నుంచి సగం సీట్లతో ఆడించుకోవచ్చని కేంద్రం అనుమతించినా, డిసెంబరు 25న 'సోలో బ్రతుకే సో బెటర్' వచ్చాకే హాళ్లలో మళ్లీ కాస్త కళ కనిపించింది.

రెండో వేవ్‌తో మళ్లీ అదే కథ. 2021 జులై 20న వెంకటేశ్ 'నారప్ప' కూడా ప్రైమ్‌కే వెళ్లింది. కానీ 2022 డిసెంబరు 13న, వెంకటేశ్ పుట్టినరోజున అదే సినిమాని థియేటర్లలో వేశారు. ఇంట్లో చూసేసిన సినిమాకే అభిమానులు టికెట్టు కొన్నారు. కథ తెలియక కాదు, నలుగురితో కలిసి ఈల వేయడానికి!